నల్ల బండల మీద తడి అడుగులు

హైస్కూల్లో చేరేవరకు మా అమ్మాయి మెట్టుగూడలో మా క్వార్టర్ల వెనక గ్రౌండ్‌లో వట్టి కాళ్లతోనే పరుగెత్తేది. వెనక నుంచి వచ్చి మనల్ని దాటిపోతే గాని తెలిసేది కాదు. నేను ఆ పరుగు చూడలేదు, పాదాలే చూశాను.

"చెప్పుల్లేకుండ ఉరికితే కాళ్లు చాటలైతయి బిడ్డా."

"అయితే బియ్యం చెరుగుదాం తియ్యి నాన్నా!"

నేను నవ్వలేదు. ఆడపిల్ల పాదం సన్నగా ఉండాలని మా ఇంట్లో అనేవాళ్లు. అదే పట్టుకున్నాను. అందరూ పిల్లలకు ఒక నంబర్ ఎక్కువ కొంటారు. ఆమె హైస్కూల్లో చేరగానే నేను ఒక నంబర్ తక్కువ, మడమ దగ్గర ఎత్తుగా ఉన్న బూట్లు కొన్నాను. బిగుతుగా ఉన్నాయని ఆమె అంటే, "వాడితే సాగుతయి, జెర ఓర్సుకో" అన్నాను.

ఆ చలికాలం ఒక పొద్దున గ్రౌండ్ గట్టు మీద కూర్చున్నాను. పొగమంచులో ఎవరో బరువైన మనిషి ధన్ ధన్ అని పరుగెత్తి వస్తున్న చప్పుడు. అడుగడుగుకూ మడమ నేలను గుద్దుతోంది. భయమేసి కాళ్లు దగ్గరికి తీసుకున్నాను. మంచులోంచి వచ్చింది మా అమ్మాయి. అయినా బూట్లు మార్చలేదు.

మరుసటి వానాకాలానికి ఆమె కుంటడం మొదలుపెట్టింది. ఏమైందంటే చెప్పేది కాదు. ఒక ఆదివారం బాత్రూమ్ ముందు నల్ల బండల మీద తడి అడుగులు కనిపించాయి. బొటనవేలు పక్క వేళ్ల మీదికి వాలి ఉంది, చిటికెన వేలు ముద్రే లేదు. ఏళ్ల తరబడి ఆఫీసు బూట్లలో నలిగిన నా పాదం అచ్చు అలాగే పడుతుంది. కానీ నేనింకా స్నానమే చెయ్యలేదు. కాలు తడుపుకుని పక్కన పెట్టి చూశాను. కొలత ఒక్కటే తేడా. మర్నాడే ఆమెను డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను.

"మళ్లా ఉరుకుతనా?" అని డాక్టరమ్మను అడిగింది.

"ముందు ఆ బూట్లు పడెయ్. కాలివేళ్లు ఎడంగా విప్పడం నేర్చుకో. పరుగు సంగతి ఇప్పుడే చెప్పలేను."

ఇంటికొచ్చి నేల మీద కాళ్లు చాపుకుని కూర్చుంది.

"నువ్వు సుత చెయ్యి నాన్నా. నాకొక్కదానికేనా తక్లీఫ్?"

ఎదురుగా కూర్చుని నా చిటికెన వేలిని కదలమన్నాను. కదల్లేదు. ఎవరి కాలో చూస్తున్నట్టుంది. ఆమె పళ్లు బిగబట్టింది. బొటనవేలు వణికి, వెంట్రుకవాసి పక్కకు జరిగింది.

"చూసినవా?"

"చూసిన. తప్పు నాది బిడ్డా."

ఆమె మళ్లీ పళ్లు బిగబట్టి తన వేలి వైపే చూస్తూ కూర్చుంది.