విమల మేడమ్, మూడు మోటర్లు

మా బడి ల్యాబులో పిల్లలు పాత మోటరుకు కరెంటు ఇచ్చినప్పుడల్లా వేడెక్కిన గ్రీజు వాసన వస్తుంది. వెంటనే విమల మేడమ్ గుర్తొచ్చి నాకు నవ్వొస్తుంది. ఉక్కునగరంలో నేను కొత్తగా సైన్సు టీచరుగా చేరినప్పుడు ఆవిడ మా సీనియర్. ఏ పనికైనా ముందు కొంగు నడుముకు బిగించేవారు.

ఆవిడ తల్లి మరియమ్మగారిది చక్రాల కుర్చీ. గోపాలపట్నంలో వాళ్ల చర్చి ఎత్తు మీద ఉంది. ప్రతి ఆదివారం నలుగురు కుర్చీని మోసుకెళ్తుంటే ఆ పెద్దావిడకు చిన్నతనంగా ఉండేది. "నానేటి, బియ్యం మూటనా?" అని చివరికి వెళ్లడమే మానేశారు. అప్పుడే మేడమ్ పట్టుబట్టి, నన్ను సాయం పెట్టుకుని, కారు అద్దాలు తుడిచే వైపర్ మోటరు ఒకటి తెచ్చి కుర్చీకి బిగించారు. చదును నేల మీద అది బాగానే నడిచింది. ఎత్తు రాగానే మూలిగి ఆగిపోయింది.

"పెద్ద మోటరు కొందాం మేడమ్," అన్నాను.

"దాని బరువు, దాని బ్యాటరీ బరువు ఎవులు మోత్తారు? ఇలాంటివే ఇంకో రెండు పెడదాం. ఒక్కటి తిప్పలేంది మూడు కలిస్తే తిప్పవేటి?"

కుర్చీ ఇరుసుకు పెద్ద పళ్లచక్రం, దాని చుట్టూ మూడు చిన్న చక్రాలు, ఒక్కోదానికి ఒక్కో మోటరు. మూడింటి బలమూ పెద్ద చక్రం మీదే పడాలి. తీరా స్విచ్చి వేస్తే కుర్చీ గజగజ వణికింది తప్ప కదల్లేదు. నాకు నీరసం వచ్చేసింది.

"అప్పుడే మొహం ఏలాడేత్తావేటి? ఒక్కోదాన్నీ ఇడిగా తిప్పి సూద్దాం."

చూస్తే, వైర్లు తారుమారై ఒక మోటరు వెనక్కి తిరుగుతోంది. మేడమ్ కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వారు. "రెండు ముందుకి లాగుతుంటే ఇదొక్కటీ ఎనక్కి! అచ్చం మన స్టాఫు మీటింగే!" వైర్లు మార్చగానే కుర్చీ ఎవరూ ఎక్కకుండానే వాళ్లింటి వరండా దాటి పూలకుండీని గుద్దింది.

ఆదివారం వచ్చింది. చర్చి దారి సగం ఎక్కాక కుర్చీ నెమ్మదించింది. చుట్టుపక్కలవాళ్లు తోయడానికి పరిగెత్తుకొచ్చారు. మరియమ్మగారు చేతికర్ర ఎత్తారు. "ఎవులూ సెయ్యి ఎయ్యొద్దు!"

మోటర్లు మూలుగుతూనే ఆవిడను మెల్లమెల్లగా గుమ్మం దాకా చేర్చాయి. ఆవిడ చెమట తుడుచుకుని, "ఏటే విమలా, దిగి మళ్లీ ఎక్కుదామా?" అన్నారు. అందరూ గొల్లున నవ్వారు.

అప్పుడు చూశాను మేడమ్‌ను. దారి పొడుగునా కుర్చీకి జానెడు దూరంలోనే నడిచిన ఆవిడ, రెండు చేతులూ వీపు వెనక గట్టిగా ముడేసుకుని ఉన్నారు. వేళ్లు తెల్లబడిపోయాయి.

ఇప్పుడు నా ల్యాబులో ఎవరైనా పిల్ల స్క్రూ బిగించలేక తంటాలు పడుతుంటే నా చేతులు ముందుకు ఉరుకుతాయి. వాటిని వెనక్కి తెచ్చి, వేళ్లు ముడేసుకుని, పక్కనే నిలబడతాను.