అనపగింజల ముందు పదకొండు మంది

నా పదవీ విరమణకు ఇంకా పద్నాలుగు నెలలున్నాయనగా, ఒక నవంబరు మొదటి సోమవారం, తమిళనాడులోని ధర్మపురిలో మా సంస్థ నడిపే టెలిఫోను కౌన్సెలింగ్ విభాగంలో నాకు కొత్త పని అప్పగించారు. నా హోదా సీనియర్ కౌన్సెలర్. నా పైన ఒక ప్రాజెక్టు ఆఫీసరు ఉండేవారు, నా కింద ఎవరూ లేరు. అంచేత సీనియర్ అన్న మాటకు నా వయసు తప్ప వేరే ఆధారం కనిపించేది కాదు. ఆర్డరులో ఉన్నది ఇంతే: డిసెంబరులో ఎల్‌జీబీటీక్యూ యువత కోసం ఆన్‌లైన్‌లో గంటన్నర పాటు ఒక చలికాలపు కలయిక జరపాలి, హాజరు ఫొటోతో నివేదిక పంపాలి.

ఆ ఇంగ్లీషు అక్షరాలు కాగితాల మీద ఉంటాయి గానీ, మాకు ఫోను చేసే పిల్లలు వాటితో మొదలుపెట్టరు. ఒక అమ్మాయికి తోటి అమ్మాయి మీద మనసుంటుంది. ఒక అబ్బాయికి పెళ్ళిమాట ఎత్తితే చాలు, అన్నం సయించదు. ఒకరిని ఇంట్లో కొడుకంటారు, ఆ మనిషికి మాత్రం తాను కూతురినని చిన్నప్పటి నుంచీ తెలుసు. వీళ్ళను మార్చడం మా పని కాదు. చదువు ఆగకుండా, ఒంటికి హాని జరగకుండా, తమ కాళ్ళ మీద తాము నిలబడేదాకా తోడుండటం మా పని. పద్దెనిమిది నిండినవాళ్ళనే ఇలాంటి కలయికలకు పిలుస్తాం.

మా దగ్గర నెలనెలా తమిళంలో మీటింగులు జరిగేవి. ఈసారిది తెలుగులో జరుపుతానని నేనే పట్టుబట్టాను. ఈ జిల్లాలోనే ఇండూరు అనే పల్లెలో పుట్టి, ఇంట్లో తెలుగు, బడిలో తమిళం మాట్లాడుతూ పెరిగినదాన్ని. తెలుగు అక్షరాలు ఉద్యోగంలో చేరాక పంతం కొద్దీ నేర్చుకున్నాను. అయితే ఈ పట్టుదలకు కారణం నేను కాదు, మాలతి.

మాలతి మారండహళ్ళి పక్క పల్లె పిల్ల. ధర్మపురిలో బీకాం రెండో ఏడు, రోజూ బస్సులో వచ్చి పోయేది. ఇంట్లో అమ్మ, నాయన, టమాటా సేద్యం చేసే అన్న ఉండేవారు. మొదటి కాల్‌లో మేము ఇన్‌టేక్ అని చేస్తాం, అంటే వివరాలన్నీ అడిగి రాసుకోవడం. నలభై నిమిషాల ఇన్‌టేక్ ఆ పిల్ల తడబడకుండా తమిళంలో చెప్పింది. చివర్లో ఉన్నట్టుండి తెలుగులోకి దిగింది.

"అక్కా, ఇదంతా అరవంలో గడగడా చెప్పేస్తా ఉండాను. మాయమ్మతో మాట్లాడే మాటలో ఒక్కసారీ చెప్పలేదు. నలుగురి ముందర ఒక్కసారి ఆ మాటలో చెప్పల్లని ఉండాది."

తల్లికి చెప్పాలని అడగలేదు, ఊరికి చెప్పాలని అడగలేదు. తనలాంటివాళ్ళ ముందు, తన ఇంటి భాషలో, ఒక్కసారి పైకి అనాలని అడిగింది. ఇంతకంటే చిన్న కోరిక నా సర్వీసులో నేను వినలేదు. దాన్ని తీర్చి తీరాలనుకున్నాను.

మా హెడ్డాఫీసు నుంచి ఒక నమూనా కార్యక్రమం వచ్చింది. సాయంత్రం ఏడు గంటలకు ప్రతి ఒక్కరూ తమ గదిలో దీపాలు తగ్గించి, ఒక కొవ్వొత్తి వెలిగించి, దుప్పటి కప్పుకుని, వేడివేడిగా ఏదైనా తాగుతూ మాట్లాడుకోవాలట. చదవడానికి హాయిగానే ఉంది. "తమ గది" అన్నచోట నేను ఆగి ఉండాల్సింది. ఆగలేదు. ఉన్నది ఉన్నట్టు తెలుగు చేసి, మాకు ఫోను చేసేవాళ్ళలో తెలుగు ఇళ్ళ పిల్లలు పదకొండు మందికి చెప్పేసి, శనివారం సాయంత్రం ఏడింటికి ట్రయల్ కాల్ పెట్టాను. అసలు రోజుకు ముందు ఫోన్లు, లైన్లు సరిచూసుకునే కాల్ అది. మాలతికి ప్రత్యేకంగా ఒక సలహా కూడా ఇచ్చాను: తలుపు వేసుకో.

అది నా తప్పు. ఇరవై ఆరేళ్ళు ఆసుపత్రుల్లో, ఆఫీసుల్లో పనిచేసిన నాకు గోప్యత అంటే మూసిన తలుపు. పల్లెటూరి ఇంట్లో దీపాలు పెట్టే వేళ, అందులోనూ చలికి అందరూ లోపల చేరినప్పుడు, ఒక ఆడపిల్ల తలుపు వేసుకుంటే అది ఇంటిల్లిపాదికీ వేసిన ప్రశ్న. అయిదు నిమిషాలు గడవకముందే వాళ్ళన్న తలుపు తోశాడు. మాలతి కాల్ కట్ చేయగలిగింది గానీ ఫోను దక్కించుకోలేకపోయింది. ఎనిమిది రోజులు ఫోను అతని దగ్గరే ఉంది. ఇంకోసారి ఇట్లా దొంగమాటలు మాట్లాడితే కాలేజీ మానిపిస్తానని కూడా అన్నాడట.

ఇదంతా ఆ పిల్ల కాలేజీ నుంచి నడుచుకుంటూ మా ఆఫీసుకు వచ్చి చెప్పింది. నన్ను ఒక్క మాట అనలేదు. "మా ఇంట్లో తలుపు మూసేది లేదక్కా. మీరు చెప్పినారని మూసినాను" అంది, అంతే. నాకు తల కొట్టేసినట్టయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదేనని, పైగా కాలినవి నా చేతులు కావని, ఆ రోజంతా కుమిలిపోయాను.

ప్రాజెక్టు ఆఫీసరు చెన్నై మనిషి, నాకంటే పాతికేళ్ళు చిన్న, మంచివాడు. కానీ నివేదిక గడువు విషయంలో మాత్రం ముహూర్తం దాటనివ్వని పురోహితుడే. మాలతిని ఈసారికి తప్పించి, మిగతా పది మందితో జరిపేద్దామన్నారు. ఆమె లేకుండా జరిగేదైతే ఈ మీటింగు వేరేవాళ్ళకు అప్పగించండన్నాను. ఆయన నా మొహం చూసి, సరే, డిసెంబరు దాటకుండా చూడండి మేడం, అని ఊరుకున్నారు.

కొవ్వొత్తుల కాగితం పక్కన పెట్టి, కొత్తగా ఒక చార్టు గీశాను. ఒక్కొక్కరి పేరుకు ఎదురుగా అయిదు గడులు. ఎక్కడ కూర్చుంటావు? ఆ వేళకు ఇంట్లో ఎవరుంటారు? ఫోను ఎవరిది? నువ్వు కనబడకపోతే ఎంతసేపటికి పిలుస్తారు? పిలిస్తే ఏం చెబుతావు? రెండు వారాలు పదకొండు మందితో విడివిడిగా మాట్లాడి గడులు నింపాను. సొంత గది ఉన్నది ఒక్కరికే, హోసూరులో కంపెనీ పని చేసుకుంటూ అద్దెకుండే అమ్మాయికి. మిగతావాళ్ళలో కూలికి పోయే ఇళ్ళ పిల్లలున్నారు, అయిదారెకరాల ఆసాముల పిల్లలున్నారు. ఇల్లు చిన్నదైనా పెద్దదైనా ఒంటరిగా కూర్చునే చోటు మాత్రం ఎవరికీ లేదు. గోడలకు చెవులుంటాయంటారు. ఇక్కడ గోడల దాకా పోనక్కర్లేదు, మనుషులే ఆనుకుని కూర్చుని ఉంటారు.

దారి దొరికింది ఇండూరులో మా వదిన ఇంట్లో. ఆదివారం భోజనానికని పోయాను. అనపకాయల కాలం. మాకు చలికాలమంటే పితికిపప్పు. అనపకాయలు ఒలిచి, గింజలు రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, మరునాడు ఒక్కొక్క గింజనూ వేళ్ళ మధ్య నొక్కితే తోలు ఊడి పప్పు బయటికి జారుతుంది. కూర అందరికీ ప్రాణం, పితికే పని ఎవరికీ గిట్టదు. వదిన పెద్ద గిన్నెడు గింజలు తెచ్చి వసారాలో పెట్టిందో లేదో, మా అన్నకు మోటారు గుర్తొచ్చింది, కోడలికి ఉతకాల్సిన బట్టలు గుర్తొచ్చాయి, మనవడికి పరీక్షలు గుర్తొచ్చాయి. గంటసేపు వదిన ఒక్కతే కూర్చుంది. ఆ చుట్టుపక్కలకు ఎవరూ రాలేదు, వస్తే పితకాల్సి వస్తుందని.

నేను ఆ గిన్నె వైపు చూస్తూ నవ్వడం మొదలుపెట్టాను. వదిన నాకేదో అయిందనుకుంది. "ఏమ్మా, నవ్వేది చాలు గానీ, ఒక చెయ్యి వెయ్యి" అంది.

మరునాడు పదకొండు మందికీ ఫోన్లు చేశాను. ఆదివారం మధ్యాహ్నం రెండున్నర. తలుపులు మూయొద్దు. అందరికీ కనబడేలా వసారాలోనో వాకిట్లోనో గింజల గిన్నె ముందు కూర్చోండి. ఫోను చెంబుకు ఆనించండి, కెమెరా మీ మొహం మీద కాకుండా గిన్నె మీద ఉండాలి. ఒక చెవిలో ఇయర్‌ఫోను, రెండో చెవి ఇంటివాళ్ళకు. ఇంకొకరి చేతులు మీ గిన్నెలోకి వస్తే మిగతావాళ్ళందరికీ అది కెమెరాలో కనబడుతుంది. ఆ క్షణం నుంచి అందరం వంట గురించే మాట్లాడతాం.

పాపారపట్టి నుంచి మునిరాజు అనే అబ్బాయి ఒక అభ్యంతరం చెప్పాడు. "మొగపిల్లోడు కూర్చోని పప్పు పితికితే మా నాయన డాక్టరుకు చూపిస్తాడక్కా." నిజమే. అతనికి అనప చేనుకు కాపలా పోయి, గట్టున కూర్చుని కాయలు ఒలిచే పని ఇచ్చాను. సొంత గది ఉన్న హోసూరు అమ్మాయికి ఈ చాటు అక్కర్లేదు, అయినా అందరితోపాటు తానూ పితకాలని అరకిలో గింజలు కొనుక్కుంది.

ఆఫీసరుతో చివరి పేచీ ఫొటో దగ్గర వచ్చింది. హాజరుకు మొహాలు కనబడాలన్నది నిబంధన. ఈ మొహాల్లో ఒక్కటి బయటికి పోయినా దానికి బాధ్యులెవరో నిబంధనలో ఎక్కడ రాసి ఉందో చూపమన్నాను. ఆయన నిజంగానే కాగితాలు తిరగేసి చూశారు, దొరకలేదు. గిన్నెలు, చేతులు కనబడితే చాలని అనుమతి రాసిచ్చారు.

ఆ ఆదివారం రెండున్నరకు నా తెర మీద పదకొండు గడుల్లో పదకొండు జతల చేతులు కనబడ్డాయి. నా ముందూ ఒక గిన్నె. చేతులకు పనుంటే నోరు సులువుగా కదులుతుందని కౌన్సెలింగ్ పాఠాల్లో చదివాను, చూడటం అదే మొదలు. ఒకరు హాస్టలు సంగతి, ఒకరు తాను పెట్టుకున్న కొత్త పేరు సంగతి చెప్పారు. మాలతి మాత్రం ఊఁ కొట్టడమే. తొందరపెట్టొద్దనుకున్నాను. కానీ వాళ్ళన్న నాలుగున్నరకు మండీ నుంచి తిరిగొస్తాడని చార్టులో రాసుంది. నాలుగింటికి ముగించి తీరాలి.

మూడుంబావుకు మునిరాజు తన స్నేహితుడి గురించి చెబుతున్నాడు. చూస్తుండగా మాలతి గిన్నెలోకి గాజులున్న రెండు చేతులు దిగాయి. వాళ్ళమ్మ. నా లెక్క ప్రకారం రాకూడని మనిషి. కూతురు ఒక్కతే కష్టపడుతోందని జాలిపడే తల్లి ఉంటుందని నా చార్టులో గడి లేదు. మునిరాజు గొంతు మారలేదు. "అందుకే నేను కొబ్బరి వేసేది లేదక్కా" అని వాక్యం పూర్తి చేశాడు.

ఆమె మాలతి రెండో ఇయర్‌ఫోను తీసి తన చెవిలో పెట్టుకుంది.

"కొబ్బరి వేయకుండా పితికిపప్పేందబ్బా? యా ఊరు మీది?" అంది.

ఇంక చూడాలి. పదకొండు మంది పిల్లలు, ఒక తల్లి, కొబ్బరి మీద, గసాల మీద, రాగిముద్ద మెత్తగా ఉండాలా గట్టిగా ఉండాలా అన్నదాని మీద అరగంట వాదించుకున్నారు. మీరు వీళ్ళ టీచరా అని ఆమె నన్నడిగింది. వీళ్ళ బాగోగులు చూసే పెద్దదాన్ని అన్నాను. అబద్ధం చెప్పలేదు. ఆమె నవ్వినప్పుడల్లా మాలతి వేళ్ళు గింజల మీద ఆగిపోవడం నాకు కనబడుతూనే ఉంది. గడియారం మూడుముక్కాలు దాటింది. ఆ పిల్ల అడిగిన ఒక్క కోరికా కొబ్బరి కింద నలిగిపోతోందని నాకు ఏడుపొచ్చినంత పనైంది.

మూడూ యాభై రెండుకు దూడ తాడు తెంపుకుంది. "అయ్యో, పాలన్నీ తాగేస్తుంది" అంటూ ఆమె లేచి పరుగెత్తింది. తెర మీద ఒక జత చేతులే మిగిలాయి.

మాలతి చేతులు పితుకుతూనే ఉన్నాయి. గొంతు తగ్గించి, తడబడుతూ చెప్పింది. "నాకు ఆడపిల్ల మీదనే మనసు. పదో తరగతి నుంచి తెలుసు. అంతే. చెప్పేసినాను."

ఇలాంటి సమయాల్లో కౌన్సెలర్ అనవలసిన మాటలు మాకు శిక్షణలో నేర్పుతారు. నాకు నాలుగైదు కంఠతా వచ్చు. నోరు తెరిచేలోపు మునిరాజు అందుకున్నాడు.

"సరే మాలతీ. ఇంగ ఎంత ఉండాది పితికేదానికి?"

"సగం ఉండాది."

"అయితే కానీ. అయ్యేదాకా ఉంటాం."

నేను నేర్చుకున్న మాటలన్నీ మింగేశాను. మిగిలిన నిమిషాలు పదకొండు మందీ పని చేసుకుంటూ కూర్చున్నారు. మాలతి ఒకసారి ముక్కు ఎగబీల్చింది, ఒకసారి నవ్వింది. సరిగ్గా నాలుగింటికి కాల్ ముగించాను.

నివేదికలో హాజరు పదకొండు అని రాసి, గిన్నెల ఫొటో జతచేశాను. ఫలితం అన్నచోట "పాల్గొన్నవారు తమ ఇంటి భాషలో మాట్లాడారు" అని ఒక్క వాక్యం రాశాను. ఇంత పొట్టి నివేదిక ఎప్పుడూ చూడలేదని ఆఫీసరన్నారు. నేను ఉద్యోగం దిగేనాటికి మాలతి మూడో ఏడు చదువుతోంది. తల్లికి చెప్పలేదు. చెప్పమని నేనూ అనలేదు.

ఇరవై ఆరేళ్ళు ఎవరు ఎదురుగా వచ్చి కూర్చున్నా, ఎవరు ఫోను చేసినా నా మొదటి ప్రశ్న "ఏమైంది?" అనే. ఆ డిసెంబరు తర్వాత మిగిలిన ఏడాది పాటు "ఇప్పుడు ఎక్కడ కూర్చున్నావు, పక్కన ఎవరున్నారు?" అని అడిగి, జవాబు వచ్చాకే రెండో ప్రశ్నకు పోయాను. ఈ వరస ముందే తెలిసుంటే మాలతి ఫోను ఎనిమిది రోజులు వాళ్ళన్న చేతిలో ఉండేది కాదు.