పీచు చక్రం, అమ్మమ్మ పేరు

అమ్మమ్మ కత్తికి తుప్పు పట్టించింది నేనే. అమ్మ ఏదో పెళ్లికని రాజమండ్రి వెళ్లిన వారంలో దానితో నిమ్మకాయలు కోసి, కడగకుండా వదిలేశాను. మూడో రోజుకి ఆ ఇనప కత్తి నిండా గోధుమరంగు మచ్చలు. మా ఇంట్లో గిన్నెల మీద అమ్మ పేరున్నట్టే, కత్తి మీద పిడి పక్కన అమ్మమ్మ పేరు చుక్కలు చుక్కలుగా చెక్కి ఉంటుంది. తల్లి వస్తువుల్లో అమ్మకి మిగిలింది అదొక్కటే. అమ్మ ఆదివారం వస్తుంది.

కష్టం వస్తే జనం ఎవరినైనా అడుగుతారు. నేను చదువుతాను. అశోక్ నగర్ స్టడీ హాల్లో చుట్టూ అందరూ రాజ్యాంగం బట్టీ పడుతుంటే, నేను రెండు రోజులు పాలిష్ చక్రాల గురించి చదివి డైరీలో ఎక్కించాను. పీచు చక్రం గరుకు. గోధుమరంగు పాలిష్ మైనం పట్టిస్తే తుప్పునీ గీతల్నీ తినేస్తుంది. గుడ్డ చక్రం మెత్తన. ఆకుపచ్చ మైనంతో మెరుపు తెస్తుంది. ఒక చక్రానికి ఒకే మైనం. గ్రూప్స్‌లో ఈ సిలబస్ ఉంటే ఉద్యోగం నాదే.

నారాయణగూడ హార్డ్‌వేర్ షాపు ముందు నుంచి రెండుసార్లు నడిచి వెళ్లిపోయి, మూడోసారి లోపలికి వెళ్లాను. నోరు పెగలక, కావలసినవి రాసుకున్న చీటీ ఇచ్చాను. షాపతను చదివి నవ్వాడు.

"మస్తు చదువుకొని వచ్చినవ్ అక్కా! కత్తి మీద పేరు గిట్ల ఏమన్న చెక్కి ఉన్నదా?"

ఉందంటే ఇంకో నాలుగు ప్రశ్నలు వస్తాయి. వెనక ముగ్గురు మగవాళ్లు నిలబడి ఉన్నారు.

"లేదన్నా."

"అయితే రెండూ తీస్కపో. ముందుగాల పీచుది, తర్వాత గుడ్డది."

నాన్న డ్రిల్లుకి పీచు చక్రం బిగించాను. తుప్పు పోతుంటే ఆపబుద్ధి కాలేదు. గుడ్డ చక్రంతో ముగించేసరికి కత్తిలో నా ముక్కు స్పష్టంగా కనిపించింది. ముక్కు తప్ప ఇంకేమీ కనిపించలేదు.

ఆదివారం అమ్మ కత్తిని అటూ ఇటూ తిప్పింది. "బొట్టు పెట్టుకోడానికి బాగుంది. మా అమ్మ పేరేదే?"

అంతా చెప్పాను, షాపతను అడిగితే లేదన్న సంగతి కూడా. అమ్మ అరవలేదు. అరిచినా బాగుండేది.

"ఉందన్నా అని ఒక్క ముక్క చెప్పడానికి నోరు నొప్పా? పద, చెప్పులేసుకో."

చిక్కడపల్లిలో స్టీలు సామాన్ల కొట్టుకి తీసుకెళ్లింది. పేర్లు చెక్కే పెద్దాయన మిషన్ అందుకుని, "ఏం పేరమ్మా?" అన్నాడు. అమ్మ గిన్నెల వైపు చూస్తూ, నన్ను అడగమన్నట్టు తల ఊపింది. కొట్టు నిండా జనం. సంచిలో చీటీ కోసం వెతికాను. రాసుకురాలేదు.

చెప్పాను.

"మిషన్ సప్పుడుల ఇనొస్తలేదు బిడ్డా, జర గట్టిగ."

కొట్టంతా వినేలా అరిచాను. పళ్లేలు చూస్తున్న ఒక ముసలావిడ చటుక్కున వెనక్కి తిరిగి, "ఎవరమ్మా, నన్నేనా పిలిచింది?" అంది.

అమ్మ అప్పుడు నవ్వింది. పాత అక్షరాలు కాస్త పక్కకి ఒరిగి ఉండేవి. పెద్దాయన చెక్కినవి తిన్నగా వచ్చాయి. అమ్మ వాటి మీద ఒకసారి వేలు పోనిచ్చి, కత్తిని సంచిలో పెట్టుకుంది.