చెరుకుకు నీళ్లు పెట్టిన రోజు

నా చిన్నప్పుడు, తొమ్మిదో ఏట, కొన్నాళ్లపాటు మా ఇంట్లో అందరికీ ఒకటే పని, నన్ను ఏడిపించడం. మా నాన్నను మేము బాపు అనేవాళ్లం. ఒక సాయంత్రం పొలం నుంచి వచ్చి, గుండెలో నొప్పంటూ మంచం మీద వాలినవాడు మళ్లీ లేవలేదు. దినాలు అయిపోయినా నా కంట చుక్క రాలేదు. చుట్టాలు భుజాలు పట్టి కుదిపి, “ఏడువు బిడ్డా, ఏడిస్తె పానం తేలికైతది” అనేవారు. నేను బెల్లం కొట్టిన రాయిలా కూర్చునేదాన్ని. పంతం కాదు, నాకు ఏమీ అనిపించలేదు, అంతే. అన్నం పెడితే తిన్నాను, బడికి పొమ్మంటే పోయాను.

మాది బోధన్ పక్కన ఒక ఊరు. చలికాలం వచ్చిందంటే చెరుకు బండ్లు ఫ్యాక్టరీ దారిలో బారులు తీరేవి. మా తోట కోతకు ఇంకో మూడు వారాలుంది. ఒక మధ్యాహ్నం బడి నుంచి వస్తూ చూస్తే తోటలో నేల నెర్రెలు విచ్చి ఉంది, కింది ఆకులు ఎండి గలగలమంటున్నాయి. పక్కన పిల్లకాలువలో మాత్రం నీళ్లు నిండుగా పోతున్నాయి. బాపు పోయాక తోటను పట్టించుకునేవాళ్లు లేరనుకున్నాను. సంచి గట్టున పెట్టి, కాలువకూ తోటకూ మధ్య అడ్డంగా వేసిన మట్టిని కట్టెతో, చేతులతో తవ్వేశాను. పొద్దు వాలేదాకా సాళ్లలోకి నీళ్లు పారుతుంటే చూస్తూ నిలబడ్డాను. మంచి పని చేశానన్న సంతోషం కూడా కలగలేదు.

తెల్లారి మా తాతయ్య, అంటే బాపు వాళ్ల నాన్న, బర్రెకు మేత కోసం నన్ను వెంటబెట్టుకుని తోటకు పోయాడు. కాలువ తగ్గి నీళ్లు సన్నగా కారుతున్నాయి. తాతయ్య చీలమండ దాకా బురదలో దిగబడ్డాడు. తాడు కనబడకపోతే వాడకంతా వినబడేలా తిట్టే మనిషి, ఆ రోజు గొంతు పెంచలేదు.

“నువ్వేనా నీళ్లు ఇడిసింది?”

“ఎండుతున్నది తాతా. ఎవ్వలు పెడ్తలేరు.”

ఆయన ఒక గడ నరికి కొస ముక్క నమలమన్నాడు. చప్పగా ఉంది. మొదలు ముక్క ఇచ్చాడు. అది తియ్యగా ఉంది.

“ఆకు ఎండల వంట చేస్తది. వేరు నీళ్లు, మట్టిల సారం మీదికి పంపుతది. ఆకు వండింది కిందికి దిగి గడల జమైతది. గందుకే మొదలు తీపి. నీళ్లున్నన్ని దినాలు వండింది పెరుగుడుకే కర్సు చేస్తది. కోతకు ముందుగాల నీళ్లు ఆపితెనే తీపి దాసుకుంటది. ఎండబెట్టుడంటె సంపుడు గాదు బిడ్డా.”

పుణ్యానికి పోతే పాపం ఎదురైనట్టు, బాపు ఏడాది కష్టాన్ని నేను ఒక్క పూటలో చప్పన చేశాను. ఆ సంగతి అర్థమైంది కానీ మనసుకు తగల్లేదు.

తాతయ్య నేను తవ్విన చోటు వైపు చూశాడు. “గీ అడ్డం మీ బాపు ఏసిందే. గా దినం పొద్దుగూకంగ గిది కట్టొచ్చే పండుకున్నడు” అన్నాడు.

ఆయన పార అందుకోబోతే నేను వద్దన్నాను. మట్టి పెళ్లలు నేనే మోసుకొచ్చి వేసి కాళ్లతో తొక్కాను. ఎంత తొక్కినా నా బరువు చాలలేదు, పక్క నుంచి నీరు ఊరుతూనే ఉంది. అప్పుడు వచ్చింది ఏడుపు. తాతయ్య ఓదార్చలేదు. నా పక్కన నిలబడి తనూ తొక్కాడు.

ఆ ఏడు ఫ్యాక్టరీ ఇచ్చిన కోత వంతును పక్క పొలం వాళ్లకిచ్చి, తోట మళ్లీ ఆరేదాకా మేము ఆగాం. తాతయ్య రోజూ పొద్దున ఒక ముక్క నమిలి చూసి, ఇంకా కాలేదని ఉమ్మేసేవాడు. నెల దాటాక ఒక రోజు ఉమ్మకుండా రసం మింగాడు. మర్నాడు కోత మొదలైంది.

ఇప్పుడు నా జుట్టంతా నెరిసింది. ఒకరు మూసి వెళ్లినదాన్ని తెరిచే ముందు, ఎందుకు మూశారని అడగడం నాకు అలవాటైపోయింది. మొన్న మా అమ్మ పోయాక, ఆమె ముడివేసి పెట్టుకున్న బట్టల మూటను మా కోడలు విప్పబోయింది. ఎందుకు కట్టిందో చెప్పడానికి అమ్మ లేదు.

“ఒక్క దినం ఆగు బిడ్డా” అన్నాను.