ఆయమ్మ బావికి ఇచ్చిన తీర్పు

ఉదయగిరి కొండ కింద మా చేను. మా ఆయన, మా మరిది చేలు పంచుకున్నారు గానీ బావిని ఎట్ట పంచుకుంటారు? పొద్దున పూట ఎద్దులతో నీళ్లు తోడే కపిల మేం తోలేది, మధ్యాహ్నం నుంచి మరిది తోలేది. చేలు పంచుకున్న నాటి నుంచీ అదే వాడుక.

పెద్ద కరువు పోయి వానలు పడిన ఏడు మా ఆయన చలిజ్వరంతో పోయినాడు. మైల తీరిందో లేదో, మరిది వచ్చి మా ఎద్దుల కాడికి కట్టిన మోకు విప్పేసినాడు.

"వదినా, చేలు పంచుకున్నామే గానీ బావి పంచుకోలేదు. అన్న పోయినాక బావి నాదే. నీకు రెండు పూటలా కూడు నేను పెడతా."

"నీ కూడు ఎవురిక్కావాలరా? నా రాగిపైరు ఎండతా ఉండాది, దానికి పెట్టు నీళ్లు" అన్నాను.

కడవలతో ఎంత పైరని తడుపుతాను? మా అన్నను వెంటబెట్టుకొని ఆత్మకూరు పోయి వకీలుకు చెప్పుకున్నాను. ఆయన అంతా విని, "దిగులు పడొద్దమ్మా. ఇట్టాంటి తగాదే మునుపు పై కోర్టు దాకా పోయింది. అక్కడా అన్నదమ్ములు చేలు పంచుకొని, బావికి వంతులు పెట్టుకున్నారు. అన్న చనిపోయినాడు. వంతు చేను వెంబడే పోతుంది, చేను పెండ్లానికి వస్తే వంతూ ఆమెదే అని తీర్పయింది" అన్నాడు.

ప్రాణం లేచొచ్చింది నాకు. ఆయమ్మ వచ్చి ప్రమాణం చేసి చెబితే చాలు, గెలిచినట్టే అనుకున్నాను. ఆమెకు పెట్టడానికి ఒక కోక మూటగట్టుకొని, ఈ చుట్టుపక్కల మనిషే అయ్యుంటుందని అన్న చేత బండి కట్టించి, చేజర్ల దాకా ఊరూరా అడిగినాను, బావి వంతు గెలిచిన ఆయమ్మ ఇల్లు ఏదని. నన్ను చూసి నవ్వినోళ్లే గానీ చెప్పినోళ్లు లేరు.

"ఆయమ్మ దొరకలేదయ్యా" అని వకీలు ముందర ఏడ్చినాను.

ఆయన పొట్ట పట్టుకొని నవ్వినాడు. "ఆమె తంజావూరు పక్క మనిషమ్మా! ఆమె రానక్కర్లేదు, తీర్పు అచ్చులో ఉండాది."

"తంజావూరు బావికి చెప్పింది నా బావికి ఎట్ట చెల్లుద్దయ్యా?"

"తగాదా ఒకటే గదా. ఆమెకొక న్యాయం, నీకొక న్యాయం చేస్తే ఇంక కోర్టెందుకు?"

విచారణ నాడు మరిది తరఫు వకీలు లేచి, "అక్కడ ఏతం, ఇక్కడ కపిల. అక్కడ వరి, ఇక్కడ రాగి. పైగా ఈ బావి వీళ్ల తండ్రి తవ్వించింది, మిగిలిన కొడుకుకే చెందుతుంది" అన్నాడు.

ఆ ఆఖరి మాటకు తీర్పు చెప్పే మునసబు ఆగి, మా వకీలు ఇచ్చిన అచ్చు పుస్తకం తిరగేసినాడు.

"ఆ బావీ తండ్రి తవ్వించిందే" అని తలెత్తినాడు. "ఏతమైతే ఏంది, కపిలైతే ఏంది? ఏమయ్యా, చేలు పంచుకున్నారా?"

"పంచుకున్నాం" అన్నాడు మరిది.

"మీ అన్న బతికుండగా తన వంతు తోలుకున్నాడా?"

మరిది నసిగినాడు. "తోలినాడు దొరా."

"అయితే ఆ వంతు ఈమెదే."

ఇంటికొచ్చిన మరుసటి పొద్దునే మా అన్న కపిల తోలినాడు. మరిది అవతలి గట్టున కూర్చొని, "ఎక్కడి తంజావూరు, ఎక్కడి మనం! ఆ మహాతల్లి నా కొంప ముంచింది వదినా" అన్నాడు.

"ఆయమ్మను ఏమన్నా అన్నావంటే నాలిక కోస్తాను రా" అన్నాను. వాడికీ నవ్వొచ్చింది.

నీళ్లు చివరి మడి దాకా పారినాయి. వడలిన రాగి ఆకులు సాయంత్రానికి లేచి నిలబడినాయి.