దేవదారు అత్తరు

మా ముత్తాతగారు పద్దెనిమిది ఊళ్ల జమీందారు. తాతగారు జిల్లా బోర్డు అధ్యక్షులు. కలెక్టరు వచ్చినా ఆయన వాకిట్లోకి ఎదురెళ్లేవారు కాదు. కానీ అతిథులు సెలవు తీసుకునేటప్పుడు గడప దాకా వచ్చి, వెండి అత్తరుదాని పట్టుకుని, ఒక్కొక్కరి చేతి మీద స్వయంగా అత్తరు రాసేవారు. అందులో దేవదారు నూనె కలిసేది. నాన్నగారి కాలానికి ఊళ్లు పోయాయి, అత్తరూ అయిపోయింది. అత్తరుదాని నా వంతుకు వచ్చింది. చొక్కాల మధ్య చుట్టి అమెరికా తెచ్చుకున్నాను.

డెబ్బై తొమ్మిది డిసెంబరులో, పిస్కాటవేలో మేముండే అపార్ట్‌మెంట్ దగ్గరి మాల్‌లో ఒక అమ్మాయి వచ్చేపోయేవాళ్ల చేతుల మీద సెంటు కొడుతోంది. క్రిస్మస్ చెట్టు వాసనట. నా చేతి మీద పడగానే కదల్లేకపోయాను. అచ్చం తాతగారి వాసన.

అది పండగ రోజుల్లోనే దొరికేది. అప్పటినుంచి ఏటా ఒక సీసా కొని, మా ఇంటి మగవాళ్లలాగే దూది తడిపి చెవి మడతలో పెట్టుకుని ఆఫీసుకి వెళ్లేవాణ్ణి. చెట్టు కొన్నావా అని పక్క డెస్కు వాళ్లు అడిగేవారు. లేదనేవాణ్ణి. అంతకు మించి చెప్పడం నాకు చేతకాదు.

మా అమ్మాయికి పదకొండేళ్లు వచ్చిన ఏడు, సెలవుల్లో నాలుగు తెలుగు కుటుంబాలను భోజనానికి పిలిచాం. నాకు ఒక్కతే కూతురు. నా తర్వాత ఆ అత్తరుదాని పట్టుకునే చెయ్యి ఆమెదే కావాలి. నాకు మిగిలిన కోరిక అదొక్కటే. ఆ సీసాలోని సెంటే అత్తరుదానిలో పోసి, పుల్లకు దూది ఎంత చుట్టాలో, పెద్దవాళ్ల చెయ్యి ఎలా అందుకోవాలో వారం రోజులు నేర్పాను. ఇష్టంగానే నేర్చుకుంది.

అందరూ కోట్లు వేసుకుంటుంటే పట్టులంగాలో తలుపు దగ్గర నిలబడి రాయడం మొదలుపెట్టింది. మూడో చెయ్యి ఒక పిల్లవాడిది. వాసన చూసి వాళ్లమ్మ వైపు తిరిగాడు.

"మమ్మీ, మన బాత్రూమ్ క్లీనర్!"

వాళ్లమ్మ వాడి నోరు మూసింది. వాళ్ల నాన్న మాత్రం ఊరుకోలేదు. "జమీందారు గారు మనల్ని కడిగి మరీ పంపిస్తున్నారు," అన్నాడు. అందరూ నవ్వారు. చెడ్డవాళ్లు కారు, నవ్వు వచ్చింది, నవ్వారు. అమ్మాయి అత్తరుదాని షూ ర్యాక్ మీద పెట్టేసి చేతులు కడుక్కోవడానికి వెళ్లింది. మిగిలినవాళ్లకు నేనే రాశాను. చేతులు చాపారు, కాదనలేక.

బాత్రూమ్ కడగడం ఏనాడూ నా పని కాదు. ఆ వాసన దానిదని నాకు తెలియదు. వాళ్లు వెళ్లాక, నీకు తెలుసా అని నా భార్యను అడిగాను.

"మొదటి రోజునుంచీ తెలుసు. దూది పెట్టుకుని అద్దంలో చూసుకునేవారు. ఎలా చెప్పమంటారు?"

మరుసటి డిసెంబరులోనూ సీసా కొన్నాను. దూది తడిపి చెవిలో పెట్టుకున్నాను. తాతగారు రాలేదు, బాత్రూమే వచ్చింది. ఎంతసేపు కళ్లు మూసుకున్నా అదే. అత్తరుదాని తోమి అమ్మాయి ముందు పెట్టాను.

"నాన్నా, ప్లీజ్, నన్ను అడగకండి," అంది. కోపంగా కూడా అనలేదు.

నేను రెండోసారి అడగలేదు. మా ఇంట్లో ఎవరూ రెండోసారి అడగరు.

ఫిబ్రవరిలో అత్తరుదానిని పాత వెండి కింద తూకానికి అమ్మేశాను.