చింపమన్న పేజీ

కరోనా తగ్గి కాలేజీలు మళ్ళీ నిండిన రెండో ఏడు. నాంపల్లి స్టేషన్ నుంచి అబిడ్స్‌కు పోయే తొవ్వలో, గల్లీ లోపల మా బైండింగ్ దుకాణం. నేను మూడో తరగతి దాకే చదివిన. అయినా ముప్పై ఏండ్లుగా పేజీల వరస తప్పకుండా పుస్తకాలు కుడుతున్న.

ఒకనాడు పొద్దున్నే కాలేజీ మేడం ఒకామె తన క్లాసు పిల్లను ఒకామెను, పిలగాన్ని ఒకన్ని వెంటబెట్టుకొని వచ్చింది. వారం కింద మేము పిన్ కొట్టి ఇచ్చిన మ్యాగజైన్లన్నీ ఆటోలో వాపస్ తెచ్చింది.

"మామ్మగారూ, వీటిలో తొమ్మిదో పేజీ చింపేయాలండి. ఈ అమ్మాయి అది చూసిన దగ్గర్నుంచి క్లాసుకు రావడం లేదు."

మంచి కాగితం చింపుడంటే నాకు పానం ఒప్పదు. అంతగనం ఏం రాసిన్రో చదవమన్న. రాసిన పిలగాడే చదివిండు. ఫ్రెషర్స్ డే నాడు ఒక ఊరి పిల్ల స్టేజీ ఎక్కి, మైకు ముందు వణికి, నేర్చుకున్న ఇంగ్లీషంతా మరిచి "జర నీళ్ళియ్యిన్రి" అన్న ముచ్చట. మంచిగ రాసిండు. నేను పకపక నవ్విన. నవ్వుకుంట తలెత్తితే ఆ పిల్ల నా దిక్కే చూస్తున్నది.

"పేరు రాయలే అవ్వా. కాని హాస్టల్ల అందరూ నన్ను 'జర నీళ్ళు' అనే పిలుస్తున్నరు," అన్నది.

నాకు సిగ్గయింది.

"నేను ఊకె కామెడీకి రాసిన. ఏదైనా రాయొచ్చని మీరే కదా మేడం అన్నరు?" అన్నడు పిలగాడు. మేడం నేల చూపులు చూసింది. "అచ్చుకు పంపింది నేనే. నాకూ నవ్వొచ్చింది మరి," అన్నది.

అప్పుడు నేను సెంటర్ పిన్ సంగతి చెప్పిన. పెద్ద కాగితాలను నడిమికి మడిచి, ఆ మడత మీద పిన్ కొడతం. ముందర ఒక ఆకు చింపితే, వెనకాల దాని జోడు ఆకు ఊడి వస్తది. దీని జోడు మీద రిటైరైన లైబ్రరీ సారు ఫొటో ఉన్నది.

"నువ్వేమంటవ్ బిడ్డా? చింపమంటవా?" అని పిల్లను అడిగిన. అప్పటిదాకా ఆమెను ఎవ్వరూ అడగలేదట.

తల అడ్డంగ ఊపింది. "చింపితే ఏమున్నదో అని ఇంకింత వెతుకుతరు. నాకు గూడ ఒక పేజీ ఇయ్యిన్రి."

నా బల్ల మీదనే కూసొని రాసింది. ఆనాడు స్టేజీ మీద చెప్పాలనుకున్నదంతా రాసి, కింద ఒక వాక్యం పెట్టింది: "హాలు నిండ నవ్విన్రు, ఒక్కరూ నీళ్ళియ్యలే." పక్క దుకాణంలో జిరాక్సులు తీయించినం. అంచుకు సన్నగా జిగురు రాస్తే తొమ్మిదో పేజీ పక్కన కొత్త ఆకు నిలుస్తది. ఆ పని పిలగానితోనే చేయించిన.

పది పుస్తకాలు అతికించినంక చెయ్యి ఆపిండు. "అవ్వా, జర ఈ చివరి లైను తీసేస్తే..."

"నన్నెందుకు అడుగుతవ్? ఆమెను అడుగు."

అడిగిండు. "ఉండనియ్," అన్నది పిల్ల. "నీది గూడ ఉన్నది కదా."

వాడు మిగిలినయి అతికించిండు.

అప్పటి సంది ఎవరన్నా పేజీ చింపమని వస్తే, అది ఎవరి మీద రాసిందో వాళ్ళను తోలుకొని రమ్మంట. వాళ్ళు వచ్చి కూసున్నంకనే చదవమంట.